నడకను మందుగ వ్రాసిన వైద్యుడు: డాక్టరు పాల్ డడ్లీ వైట్

వైద్యుని యొద్దకు పోయిన రోగి ఒక చీటిని ఆశించును. అందులో మందు పేరుండవలెను; పూటకెంత, దినమునకెన్ని మారులు, తినకమునుపా, తిన్న పిమ్మటనా అను వివరములుండవలెను. అవి యున్నప్పుడే వైద్యము జరిగినదని మనకు తృప్తి. అట్లుకాక, ప్రతిదినము అరగంటసేపు వడిగ నడువుమని మాత్రము చెప్పి వైద్యుడు పంపివేసినచో, ఫీజు దండుగ యైనదనుకొని యింటికి వత్తుము. ఆ మాట యింటిలోని పెద్దలు చెప్పునదే కదా, దానికి వైద్యుడేల యని యందుము. మందునకున్న మర్యాద మాటకు లేదు.

ఆ మాటకు మందుతో సమానమైన మర్యాదను సంపాదించి పెట్టుటకై ఇరువదవ శతాబ్దమున పాటుపడినవారిలో ముఖ్యుడు అమెరికా దేశపు హృద్రోగ వైద్యుడు డాక్టరు పాల్ డడ్లీ వైట్. దేశాధ్యక్షునకు గుండెపోటు వచ్చినప్పుడు వైద్యము చేసినవాడుగ లోకము ఆయనను ఎరుగును. అయితే ఆయన జీవితమున అంతకంటె విలువగల అంశము వేరొకటి కలదు. గుండెజబ్బు వచ్చినవాడు ప్రాణముతో నుండియు బ్రదుకునకు దూరమై మంచమునకు అంటుకొనిపోవలసిన పని లేదని ఆయన రోగులకును, అంతకంటె ముఖ్యముగ వైద్యులకును నచ్చజెప్పెను. ఆ నచ్చజెప్పుట యెంత కష్టమో తెలియవలెనన్న ఆయన కథను మొదటినుండి చూడవలెను.

వైట్ 1886వ సంవత్సరము జూన్ 6వ తేదీన బోస్టను నగరమునకు చేరిన రాక్సుబరీలో జన్మించెను. తండ్రి హెర్బర్టు వారెన్ వైట్ కుటుంబ వైద్యుడు. ఆ దినములలో వైద్యుడు గుఱ్ఱపు బండి కట్టించుకొని యింటింటికి తిరిగి రోగులను చూచెడివాడు. బాలుడైన పాల్ అప్పుడప్పుడు తండ్రితో ఆ బండిలో వెళ్ళెడివాడు. ఆసుపత్రిలోని వైద్యునకు రోగి మంచముపై పరుండిన ఒక దేహము. ఇంటికి వచ్చు వైద్యునకు అతడొక గృహస్థు. అతడేమి తినుచున్నాడో, ఏ పని చేయుచున్నాడో, ఎన్ని మెట్లెక్కుచున్నాడో, ఇంటివారు అతనిని ఎట్లు చూచుచున్నారో ఆ వైద్యుని కంటబడును. పాల్ వైట్ తరువాత గొప్ప ఆసుపత్రిలో గొప్ప నిపుణుడయ్యెను గాని, రోగిని గృహస్థుగ చూచు ఆ చూపు ఆయనను విడువలేదు. తండ్రి బండిలో కూర్చుండి నేర్చిన విద్య అది.

ఆయన హార్వర్డు కళాశాలలో 1908లో పట్టము పొంది, అచ్చటి వైద్యకళాశాలలోనే 1911లో వైద్యుడయ్యెను. పిమ్మట బోస్టనులోని మసాచుసెట్సు జనరల్ ఆసుపత్రిలో చేరెను. ఆయన చెల్లెలు చిన్నవయసుననే కీళ్ళజ్వరమువలన వచ్చిన గుండెజబ్బుతో మరణించినది. అప్పటి వైద్యము ఆ బాలికకు చేయగలిగినది చాల స్వల్పము. 1913లో ఆయన రోజర్ లీ అను వైద్యునితో కలసి రక్తము గడ్డకట్టుటకు పట్టు కాలమును కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించెను. అది ఆ యిరువురి పేర మీదుగ చిరకాలము వాడుకలో నుండెను.

అదే సంవత్సరమున విదేశములలో చదువుటకు ఆయనకు వేతనము లభించెను. లండనులో సర్ థామస్ లూయిస్ అను మహావైద్యుని యొద్ద శిష్యుడుగ చేరెను. గుండె కొట్టుకొనునప్పుడు పుట్టు విద్యుత్తును గీతలుగ చూపు ఎలక్ట్రోకార్డియోగ్రాఫు యంత్రము అప్పటికి క్రొత్తది. దానిని చదువుటలో లూయిస్ అగ్రగణ్యుడు. 1914లో వైట్ బోస్టనునకు తిరిగివచ్చి ఆ యంత్రమును తన ఆసుపత్రిలో నెలకొల్పెను. గుండెపోటును రోగి బ్రదికియుండగనే గుర్తింపవచ్చునని చికాగోలోని డాక్టరు జేమ్సు హెరిక్ వ్రాసి అప్పటికి రెండేండ్లు మాత్రమే గడచెను. హృద్రోగ వైద్యమను ప్రత్యేకశాఖ అమెరికాలో ఇంకను కన్ను తెరవలేదు.

ఆ కాలపు వైద్యులకు గుండె విషయమున తెలిసిన గొప్ప చికిత్స విశ్రాంతి. విరిగిన కాలునకు కదలిక పనికిరానట్లే జబ్బుపడిన గుండెకు శ్రమ పనికిరాదని తలంచిరి. చూచుటకది న్యాయముగనే యుండును. అయితే పూర్వికులలో కొందరు వేరొక విధముగ గమనించిరి. గుండెనొప్పి లక్షణములను 1768లో లండను వైద్యుల సభకు తొలిసారి స్పష్టముగ వర్ణించిన విలియం హెబర్డెన్, ప్రతిదినము అరగంటసేపు కఱ్ఱలు కోయుటను నియమముగ పెట్టుకొనిన తన రోగి యొకడు ఇంచుమించు నయమయ్యెనని వ్రాసియుండెను. డబ్లిను నగరపు వైద్యుడు విలియం స్టోక్సు 1854లో ప్రకటించిన హృద్రోగ గ్రంథమున, కొందరు రోగులకు క్రమక్రమముగ పెంచు నడకను విధించెను. ఈ మాటలు గ్రంథములలో నిలిచినవి గాని వైద్యుల చీటీలలోనికి రాలేదు.

మొదటి ప్రపంచయుద్ధము వైట్‌ను ఫ్రాన్సు దేశమునకు తీసికొనిపోయెను. 1916లో బ్రిటిషు సేనల ఆసుపత్రిలోను, తరువాత అమెరికను సేనల ఆసుపత్రిలోను పనిచేసెను. యుద్ధరంగమున వేలకొలది సైనికులు గుండెదడ, ఆయాసము, నిస్సత్తువ అనుచు పడిపోవుచుండిరి. పరీక్షించిన గుండెలో దోషము కానరాదు. దానికి సైనికుని గుండె యని పేరు పెట్టిరి. మంచముపై నుంచినకొలది వారు మఱింత నీరసించుచుండిరి. వైట్ గురువైన లూయిస్ ఇంగ్లండులో అట్టివారికి తరగతుల వారీగ కసరత్తు పెట్టించెను. నేడింత, తట్టుకొనినచో ఎల్లుండి ఇంకొంచెము, తట్టుకొననిచో మరల క్రింది తరగతి. ఆ కసరత్తు చికిత్సయు నయ్యెను, పరీక్షయు నయ్యెను. ఎవడు తిరిగి పనికి వచ్చునో, ఎవనికి నిజముగ జబ్బున్నదో దానివలననే తేలెను.

ఇట్టి రోగులను వైట్ యుద్ధముతో మరచిపోలేదు. బోస్టనులో అదే లక్షణములతో వచ్చిన 173 మందిని గూర్చి ఆయనయు ఆయన సహచరులును ఇరువది యేండ్ల తరువాత విచారించి, 1950లో ఫలితములను ప్రకటించిరి. వారి ఆయుర్దాయము తగ్గలేదు; వారు గుండెజబ్బుతో రాలిపోలేదు. తమ గుండె చెడినదను భయమే వారిలో పెక్కుమందిని కృశింపజేసినది. గుండెజబ్బునకంటె గుండెజబ్బు భయము మనుష్యుని ఎక్కువ కుంటివానిని చేయగలదను సత్యము వైట్‌కు ఇట్లు అనుభవమునకు వచ్చినది.

యుద్ధానంతరము ఆయన కీర్తి వేగముగ పెరిగెను. 1924లో అమెరికన్ హార్టు అసోసియేషనును స్థాపించిన వైద్యులలో ఆయన యొకడు. అదే యేట ఇనా రీడ్ అను నామెను వివాహమాడెను. ఆ దంపతులు ఇరువురు పిల్లలను పెంచుకొనిరి. 1930లో లూయీ వుల్ఫు, లండనులోని జాన్ పార్కిన్సన్ అను వైద్యులతో కలసి, ఆరోగ్యవంతులైన యువకులలో హఠాత్తుగ గుండె వడివడిగ కొట్టుకొను ఒక స్థితిని వర్ణించెను. నేటికిని వైద్యవిద్యార్థులు దానిని ఆ ముగ్గురి పేర్లతోనే చదువుచున్నారు. 1931లో వెలువడిన ఆయన హృద్రోగ గ్రంథము ఒక తరము వైద్యులకు పాఠ్యపుస్తకమయ్యెను.

ఇచ్చట ఒక విచిత్రమును చెప్పవలెను. 1939లో వైట్ తన సహచరులతో కలసి, గుండెపోటుతో మరణించిన 72 మంది గుండెలను పరీక్షించిన ఫలితములను ప్రకటించెను. రక్తమందక చచ్చిన కండరభాగము మానుటకు, అచ్చట గట్టి మచ్చ యేర్పడుటకు ఎన్ని దినములు పట్టునో అందు తేల్చిరి. చిన్నగాయమునకు సుమారు నెల, పెద్దదానికి రెండు నెలలు అని లెక్క వచ్చినది. ఆ లెక్క సరియైనదే. కాని దానిని చేతబట్టుకొని వైద్యులు ఆరేసి వారములు రోగులను మంచముపై కదలనీయక పరుండబెట్టుట న్యాయమని తలంచిరి. కొందరు ముఖము కడుగుకొనుటకును, తమ చేతితో తాము తినుటకును అనుమతింపలేదు. రోగి తిరిగి ఉద్యోగమునకు పోవుట యను మాటయే లేదు. విశ్రాంతి యను పేర అతడు జీవన్మృతుడయ్యెడివాడు. కదలని కాళ్ళలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయి మరణించినవారును కలరు. వైట్ పేరుగల పరిశోధనయే మంచమును బలపరచినది. తరువాతి కాలమున ఆ మంచమునుండి రోగిని లేపుటకు పాటుపడినవారిలో ఆయనయు ఉండుట ఆయన గొప్పతనము. తాను కనుగొనినదానికి తానే బానిస కాని శాస్త్రజ్ఞుడు అరుదు.

మార్పునకు దారి తీసినవారు పలువురు. బోస్టనులోనే డాక్టరు శామ్యూల్ లెవిన్, ఆయన శిష్యుడు బెర్నార్డు లౌన్ గుండెపోటు రోగులను తొలివారములోనే కుర్చీలో కూర్చుండబెట్టి, హాని లేదని 1952లో 81 మంది రోగుల అనుభవముతో చూపిరి. మరుసటి యేట లండనులో డాక్టరు జెరీ మారిస్ బస్సు ఉద్యోగులను లెక్కించెను. ఆ నగరపు బస్సులు రెండంతస్తులవి. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్ల కొరకు దినమునకు కొన్ని వందల మెట్లెక్కి దిగును. ఇరువురిది ఒకే బస్సు, ఒకే వీధి. అయినను కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగను, వచ్చినను ఆలస్యముగను, తీవ్రత తగ్గియు కానవచ్చినది. కూర్చుండి తిన్న కొండలైనను తరుగునను మన సామెత ధనమును గూర్చినది. దేహమును గూర్చియు అది నిజమని ఆ లెక్కలు తెలిపెను.

ఇట్టి సమయమున 1955 సెప్టెంబరు 24వ తేదీ తెల్లవారుజామున, డెన్వరు నగరమున విడిదిచేసియున్న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు ఛాతీలో నొప్పి వచ్చెను. ఆయనకప్పుడు 64 ఏండ్లు. ముందునాడు గోల్ఫు ఆడియుండెను. మొదట అజీర్ణమని ప్రకటించిరి. యంత్రపరీక్షలో గుండెపోటని తేలెను. మూడవనాడు సోమవారము న్యూయార్కు షేరుమార్కెటు 1929 తరువాత కనివిని యెరుగనంత నష్టమును చవిచూచెను. అధ్యక్షుడు ఇక పనికిరాడని లోకము నిశ్చయించుకొనినది. గుండెపోటు వచ్చినవాడు మరణించును, లేదా మూలబడును అని సామాన్యుడు నమ్మిన కాలమది.

వైట్‌ను విమానముపై డెన్వరునకు రప్పించిరి. ఆయన పరీక్ష ముగించి 26వ తేదీన పత్రికలవారి ముందు కూర్చుండి, గుండెకు రక్తమెట్లు అందును, గడ్డ యెట్లు అడ్డుపడును, మానుట యెట్లు జరుగును అను విషయములను బడిపిల్లలకు పాఠము చెప్పినట్లు చెప్పెను. అధ్యక్షునకు మలవిసర్జనము జరిగినదనుటను గూడ దాచలేదు. కొందరు నవ్విరి, కొందరు చెవులు మూసికొనిరి. కాని ఒక పెద్దరోగమును గూర్చి ఒక దేశమంతయు ఏకకాలమున పాఠము విన్న సందర్భములు చరిత్రలో తక్కువ. రహస్యమును తొలగించినచో భయము సగము తొలగునని ఆయన యెరిగి చేసిన పని యది.

రోగిని ఆయన మంచముపై వదలివేయలేదు. కొద్దివారములలో కుర్చీ, పిమ్మట కొన్ని అడుగులు, పిమ్మట మెట్లు. నవంబరు 11వ తేదీన అధ్యక్షుడు తన కాళ్ళపై నడచి విమానమెక్కెను. మరుసటి ఫిబ్రవరి నాటికి మరల గోల్ఫు మైదానమున కనబడెను. ఆ నెల 14వ తేదీన వైట్ పత్రికలవారికి తన నిర్ణయము తెలిపెను. మరి అయిదు మొదలు పదియేండ్ల వరకు ఆయన చురుకుగ జీవింపగల అవకాశము బాగుగ నున్నదని దాని సారము. ఐసెన్‌హోవరు ఆ యేట తిరిగి ఎన్నికయ్యెను; మఱికొన్ని వ్యాధులు తగిలినను 1969 మార్చి వరకు జీవించెను. అది మొదలు గుండెపోటు వచ్చిన ప్రతి గుమాస్తాయు, ప్రతి ఉపాధ్యాయుడును దేశాధ్యక్షుడే లేచి పనిచేయుచుండగ నాకేమి కొదవ యని యడుగుటకు వీలు కలిగినది.

ఇక ఆయన చీటి యెట్టిది? వైట్ నడకను ఊరక సలహాగ పారవేయలేదు. మందునకున్నట్లే దానికిని మోతాదు కలదనునది ఆయన పద్ధతి. మొదట రోగిని పరీక్షింపవలెను. గుండె శక్తి యెంతో తెలిసికొనవలెను. పిదప అతని వయస్సు, వృత్తి, అలవాటులను బట్టి వ్యాయామమును నిర్ణయింపవలెను. నలువదేండ్లుగ కుర్చీ వదలనివానిని ఒక్కనాడు పరుగెత్తించుట వైద్యము కాదు. సమతలమున కొంత నడక, అది సులువైన పిమ్మట మఱికొంత, ఆపై వడి పెంచుట. ఛాతీలో నొప్పి గాని, మితిమీరిన ఆయాసము గాని కలిగినచో ఆగవలెను. వారమునకొక దినము విరగబడి చేసి ఆరు దినములు కూర్చుండుట కంటె దినదినము మితముగ చేయుట మేలు.

దాని పనితీరును గూడ ఆయన సామాన్యునకు తెలియునట్లు చెప్పెడివాడు. రక్తమును కాళ్ళలోనికి పంపుట గుండె పని. కాళ్ళనుండి పైకి తెచ్చుటలో సగము పని కాళ్ళ కండరములది. నడచునప్పుడు ఆ కండరములు సిరలను పిండును. సిరలలోని కవాటములు రక్తమును క్రిందికి జారనీయవు. కనుక నడచువానికి కాళ్ళు రెండును గుండెకు తోడుగ నిలుచు సహాయకులు. కూర్చుండువాడు ఆ సహాయకులను సెలవుపై పంపి గుండెపై భారమంతయు మోపుచున్నాడు. క్రమమైన శ్రమకు అలవడిన గుండె తక్కువమారులు కొట్టుకొని ఎక్కువ రక్తమును పంపును. దేహమునకే కాక మనస్సునకును నడక మందని ఆయన నమ్మకము. ఆరోగ్యముండియు దిగులుతో నున్నవానికి మందులకంటె అయిదు మైళ్ళ నడక మేలు చేయునని అనెడివాడు.

తాను వ్రాసిన మందును ఆయన తానును పుచ్చుకొనెను. వైద్యులలో ఈ గుణము తక్కువ. కట్టెలు కొట్టుట, మంచు త్రవ్విపోయుట, లిఫ్టును విడిచి మెట్లెక్కుట ఆయనకు నిత్యకృత్యములు. వృద్ధాప్యమున గూడ సైకిలు తొక్కెడివాడు. మోటారుకారులు నిండిన దేశమున సైకిళ్ళకు వేరుగ బాటలు వేయుడని ఊరూర ప్రచారము చేసెను. నగరము నడువనీయనిచో వైద్యుడు నడువుమని వ్రాసిన చీటి వ్యర్థమని ఆయన గ్రహించినట్లున్నది. బోస్టనులో చార్లెసు నది యొడ్డున నున్న సైకిలు బాట నేటికిని ఆయన పేరుతో పిలువబడుచున్నది.

నమ్మకము వేరు, నిరూపణము వేరు. వైట్ ఈ భేదమును మరువలేదు. హార్వర్డులో పూర్వము ఫుట్‌బాలు ఆడిన వారిని గూర్చి సహచరునితో కలసి విచారించి 1958లో ఫలితములను ప్రకటించెను. యౌవనమున ఆడినంత మాత్రమున మేలు నిలువలేదు. తరువాత జీవితమంతయు గట్టి వ్యాయామము విడువనివారే గుండెజబ్బునకు దూరముగ నుండిరి. పూర్వపుణ్యము ఈ విషయమున చెల్లదన్నమాట. క్లారెన్సు డిమార్ అను నాతడు బోస్టను మారథాను పందెమును ఏడుమారులు గెలిచిన ధీరుడు. తొలి విజయమునకు ముందు ఒక వైద్యుడు అతని గుండెలో ఏదో ధ్వని విని, ఇక పరుగు మానుమని హెచ్చరించియుండెను. అతడు అటుపిమ్మట దశాబ్దముల కొలది పరుగెత్తి, 1958లో 70వ యేట కేన్సరుతో మరణించెను. అతని గుండెను వైట్, డాక్టరు కరెన్సు పరిశీలించి 1961లో వ్రాసిరి. గుండె రక్తనాళములు సామాన్యుల నాళముల కంటె రెండు మూడు రెట్లు వెడల్పుగ నుండెను. అయితే ఆ నాళముల గోడలలో కొంత పూడిక లేకపోలేదని గూడ వారు దాచక తెలిపిరి.

ఆ పూడిక చెప్పు పాఠము ముఖ్యమైనది. వ్యాయామము వజ్రకవచము కాదు. ఆహారము, పొగత్రాగుట, స్థూలకాయము, రక్తపుపోటు అన్నియు కలసి గుండెను బాధించును. అందుచేతనే వైట్ ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞునితో ఇటలీలోని నేపిల్సునకు పోయి అచ్చటివారి ఆహారమును, రక్తములోని క్రొవ్వును పరిశీలించెను. 1948లో ఫ్రేమింగ్‌హాం పట్టణమున 5,209 మందితో మొదలైన గొప్ప హృద్రోగ విచారణకు ఆయన అండగ నిలిచెను. నడచుచున్నాను గనుక పొగత్రాగవచ్చునను వానికి ఆయన శాస్త్రమున చోటులేదు.

చివరి యేండ్లలో ఆయన దృష్టి దేశముల సరిహద్దులను దాటెను. గుండెకు జాతిభేదము లేదు గనుక వైద్యులు కలసినచో దేశములును కలియునని ఆశించెను. శీతలయుద్ధము ముమ్మరముగ నున్న దినములలో సోవియట్ దేశపు వైద్యులతో స్నేహము చేసెను. 1964లో అధ్యక్షుడు జాన్సన్ ఆయనను స్వాతంత్ర్య పతకముతో గౌరవించెను. 1971లో, 85వ యేట, అమెరికావారికి తలుపులు అప్పుడప్పుడే తెరచుచున్న చీనాకు వెళ్ళిన వైద్యబృందములో ఆయన యుండెను. 1973 అక్టోబరు 31వ తేదీన, 87 ఏండ్ల వయస్సున, బోస్టనులో కన్నుమూసెను.

ఆయన మరణించి అర్ధశతాబ్దము దాటెను. గుండెపోటు రోగులకు క్రమబద్ధమైన వ్యాయామచికిత్స జరిపినచో హృద్రోగ మరణములు తగ్గునని ఎన్నో పరీక్షలు తేల్చినవి. న్యూజీలాండులో 1998 నుండి కుటుంబ వైద్యులు పచ్చచీటి యను పేర వ్యాయామమును కాగితముపై వ్రాసి యిచ్చుట మొదలిడిరి. అచ్చటి 42 వైద్యశాలలలో 878 మందిపై జరిపిన పరీక్షలో, అట్టి సలహాయు తరువాత తోడ్పాటును పొందినవారు యేడాది గడచిన పిమ్మట గూడ ఇతరులకంటె ఎక్కువ చురుకుగ నుండిరని 2003లో ప్రకటించిరి. వ్రాతకును, మాటకును ఉన్న తేడా యది. పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు మితమైన శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో నిర్ణయించెను. వైట్ చెప్పిన మోతాదునకు అంకెలు కుదిరినవి.

ఈ మాట మనకు క్రొత్తది కాదు. శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెనని సుశ్రుతసంహిత చెప్పును. మధుమేహికి నూరు యోజనముల నడకను విధించును. మోతాదు తెలిసిన మాటలే యవి. అయితే గ్రంథమున నున్నది గృహమునకు రాలేదు. నేటికిని మన యిండ్లలో గుండెపోటు వచ్చి తిరిగివచ్చిన తండ్రిని బిడ్డలు ప్రేమతోనే కుర్చీకి కట్టివేయుదురు. లేవకు నాయనా, మేము తెచ్చియిత్తుము అందురు. మంచినీళ్ళ చెంబును గూడ ముట్టనీయరు. నెల తిరుగునప్పటికి ఆయన కాళ్ళు సన్నబడును, మాట తగ్గును. తాను పనికిరానివాడనని ఆయనకే తోచును. ప్రేమ చేయు ఈ హానిని ఆపగలవాడు కుటుంబ వైద్యుడొక్కడే. పరీక్షించి, ఇంత నడువవచ్చును, ఇంతకు మించరాదు అని అతడు కాగితముపై వ్రాసియిచ్చినచో రోగికి ధైర్యము, బిడ్డలకు నమ్మకము కలుగును.

గుండెను కాపాడుటకు మందులు, శస్త్రచికిత్సలు వైట్ కలలోనైన ఊహింపని రీతిగ నేడు పెరిగినవి. వానిని కాదనుట అవివేకము. కాని గుండెను కాపాడుట యెందులకు? మనుష్యుడు నలుగురిలో తిరుగుటకు, తన పని తాను చేసికొనుటకు, మనుమని చేయి పట్టుకొని బడివరకు పోవుటకు. ప్రాణమును నిలిపి నడకను తీసివేయు వైద్యము సగము వైద్యమే. మిగిలిన సగమును చీటిపై వ్రాయవచ్చునని గుఱ్ఱపు బండిలో తిరిగిన కుటుంబ వైద్యుని కుమారుడు లోకమునకు చూపెను. ఆ చీటిలోని మందు అంగడిలో దొరకునది కాదు. వీధి తలుపు తెరచిన చాలును.